నలభై ఒకటో నిమిషం

దూదికి కాస్త స్పిరిట్ అద్ది, టేపు మిషను లోపల తుడుస్తున్నాడు ఊ ఓన్ ఫే. దూది చుట్టిన వేలిని తిప్పి తీస్తే గోధుమరంగు మడ్డి అంటుకొచ్చింది. కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. నిన్నటికంటే తక్కువే. దూదిని కిటికీలోంచి విసిరేసి, తడి వేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతని రోజు ఇలాగే మొదలవుతోంది.

అరవై ఒక్కేళ్ళ మనిషి. పొట్టి. కళ్ళద్దాల కాడ ఒకటి ఎప్పుడో విరిగితే తెల్లదారంతో కట్టాడు, ఆ దారం ఇప్పుడు నల్లబడింది. తాంబూలం నమిలీ నమిలీ పళ్ళు గారపట్టాయి. అతను ఉండే గది ధ్యానశాల వెనక, తెరకు ఇవతల, ఒక్క మంచం పట్టేంత జాగా. అందులో మంచం లేదు. బల్ల, బల్ల మీద మిషను, గోడకు గడియారం. తెరకు చిన్న చిరుగుంటే దాంట్లోంచి శాలంతా కనిపిస్తుంది. నూట నలభై మంది కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ముప్పై ఒక్క ఏళ్ళలో అతను ఒక్కరోజైనా వాళ్ళ మధ్య కూర్చోలేదు. మిషను దగ్గర ఎవరుంటారని అడిగేవాడు. అది నిజమే కానీ, పూర్తి నిజం కాదు.

ఏడు కొట్టగానే చింతచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్కను ఇనుప కడ్డీతో మూడుసార్లు మోగించి, వచ్చి మీట నొక్కాడు. పెద్ద సయాడో గొంతు శాలలోకి వచ్చింది. ఆ గురువు పోయి నాలుగేళ్ళయింది. సగాయింగ్ కొండ మీద ఈ ధ్యానకేంద్రానికి మాత్రం ఇప్పటికీ ఆయన గొంతే గురువు.

"నడుం నిటారుగా పెట్టండి. కళ్ళు మూయండి. గాలి లోపలికి వెళ్తోంది... పొట్ట ఉబ్బుతోంది, ఉబ్బుతోంది అనుకోండి. గాలి బయటికి వస్తోంది... తగ్గుతోంది, తగ్గుతోంది అనుకోండి. మోకాలు నొప్పెడుతుందా? పెట్టనివ్వండి. నొప్పిని పట్టుకోకండి, తోసెయ్యకండి. నొప్పి, నొప్పి అని చూడండి..."

ఊ ఓన్ ఫేకి ఆ గంటంతా కంఠతా వచ్చు. ఎక్కడ సయాడో గుటక వేస్తారో, ఎక్కడ బయట కాకి అరుస్తుందో తెలుసు. గడియారం వంక చూడకుండానే నలభై నిమిషాలు అయ్యాయని తెలిసిపోతుంది, ఎందుకంటే అప్పటికి చెవులు వేడెక్కుతాయి. నలభై ఒకటో నిమిషంలో అతని కుడిచేతి బొటనవేలు శబ్దం మీట మీదికి వెళ్ళింది. మెల్లగా ఎడమకు తిప్పాడు. శాలంతా నిశ్శబ్దం. ఇరవై రెండు అంకెలు లోలోపల లెక్కపెట్టి, మళ్ళీ మెల్లగా కుడికి తిప్పాడు.

"ఉబ్బుతోంది... తగ్గుతోంది..." అంటున్నారు సయాడో, ఏమీ జరగనట్టు.

గంట అయ్యాక, రంగూన్ నుంచి వచ్చిన బట్టల కొట్టు ఆవిడ తెర పక్కన నిలబడి అడిగింది. "అన్నా, మధ్యలో గొంతు పోతోందేమిటి? రోజూ అక్కడే పోతోంది. మిషను పాడైందా?"

"పాత టేపమ్మా. అరిగిపోయింది."

"అయ్యో పాపం" అని ఆవిడ వెళ్ళిపోయింది. అబద్ధం ఆడనని పొద్దున్నే అందరితోపాటు శీలం తీసుకున్న నోరు. ఇంకో తాంబూలం చుట్టి ఆ నోట్లోనే కుక్కుకున్నాడు.

ఆ ఇరవై రెండు సెకన్లలో ఉన్న గొంతు ఎవరిదో ఈ కొండ మీద ఇప్పుడు ఇద్దరికే తెలుసు.

ఇరవై రెండేళ్ళ కిందట ఈ టేపు పట్టిన రోజున ఊ ఓన్ ఫే శబ్దం వినే గొట్టాలు చెవులకు తగిలించుకుని ఇదే గదిలో కూర్చున్నాడు. శాలలో సయాడో ఒక్కరే మాట్లాడుతున్నారు. రెండుసార్లు తప్పు దొర్లి మూడోసారి మొదలుపెట్టారు. నలభై నిమిషాలు నిక్షేపంలా సాగింది. అప్పుడు వరండాలో ఎవరో దగ్గారు. మామూలు దగ్గు కాదు, పేగులు బయటికొచ్చే దగ్గు. అది చెవి గొట్టాల్లోంచి తలలో పిడుగులా పేలింది. వారం కిందటే వచ్చి చేరిన ఊడ్చే మనిషి డో ఫ్వా యిన్, చీపురు పట్టుకుని వరండాలో ఉంది. అతను కిటికీలోంచి తల బయటపెట్టి ఒళ్ళు తెలియకుండా అరిచాడు. "దగ్గాలనుంటే ఇరావతి ఒడ్డుకు పోయి దగ్గి చావవే ముసలిదానా! నిన్నిక్కడికి రానిచ్చిందెవరు?"

సయాడో ఆపలేదు. ఆ గొంతులో చిన్న వణుకు కూడా లేదు. అలా చెప్పుకుంటూ పోయారు. "వినిపించింది, వినిపించింది అనుకోండి. దగ్గు వినిపించింది. కోపం వినిపించింది. దగ్గిన మనిషిని, కోప్పడ్డ మనిషిని, ఇద్దర్నీ మన పక్కనే కూర్చోనివ్వండి. రెండూ పిలవకుండా వచ్చాయి. రెండూ పోతాయి."

అయిపోయాక ఆయన తెర దగ్గరికి వచ్చి, "అరిచిందెవరు?" అని మాత్రం అడిగారు.

"కట్టెలు తెచ్చిన బండివాడండీ."

సయాడో కాసేపు అతన్ని చూశారు. "సరే. ఇందులో ఒక్క మాట కూడా తీసెయ్యకు" అన్నారు.

పద్దెనిమిదేళ్ళు రోజుకు మూడుసార్లు ఊ ఓన్ ఫే తన తిట్టు తనే విన్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు, కొందరు నవ్వాపుకునేవాళ్ళు. "ఆ బండివాడు ఎంత పుణ్యం చేసుకున్నాడో, సయాడో గొంతు పక్కన నిలిచిపోయాడు" అని ఒకాయన వేళాకోళం ఆడాడు కూడా. సయాడో దహనమైన మర్నాడు అతని బొటనవేలు మొదటిసారి మీట మీదికి వెళ్ళింది. తీసెయ్యొద్దన్నారు కానీ తగ్గించొద్దని అనలేదు కదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. సిగ్గుపడే మనిషికి తర్కానికి ఏం తక్కువ!

డో ఫ్వా యిన్ అప్పటికీ ఇప్పటికీ దాని గురించి ఒక్క మాట అనలేదు. కానీ ఆ తిట్టు తిన్న మర్నాటి నుంచి వరండా స్తంభం గూట్లో ఒక రేకు డబ్బా పెట్టుకుంది. అందులో తాటిబెల్లం ముక్కలు. ధ్యానం మొదలయ్యే ముందు ఒక ముక్క బుగ్గన పెట్టుకునేది, దగ్గు రాకుండా. వస్తే చీపురు అక్కడే పడేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కొండ దిగువకు పరుగెత్తేది. ఆ పరుగు అతను కిటికీలోంచి చూసేవాడు. చూసి చూపు తిప్పుకునేవాడు.

ప్రతి శిబిరం మొదటిరోజున అందరూ మోకాళ్ళ మీద వంగి, ఒంటితో, నోటితో, మనసుతో చేసిన తప్పులు మన్నించమని ఒకరినొకరు వేడుకుంటారు. ఊ ఓన్ ఫే కూడా వేడుకునేవాడు, తెర వెనక నుంచి, నూట నలభై గొంతుల్లో గొంతు కలిపి. అలా అయితే ఫలానా మనిషికని పేరెత్తక్కర్లేదు.

ఇప్పుడామె వెనక గదిలో చాప మీద ఉంది. రెండు నెలలుగా లేవలేదు. పట్నం డాక్టరు వచ్చి చూసి, మందులు రాయకుండానే వెళ్ళిపోయాడు. ఊ ఓన్ ఫే గంజి గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి, గులాబీరంగు బట్టల సయాలే, ‘మా విమల’ అనే చిన్న సన్యాసిని, ఆమె పాదాలు ఒత్తుతోంది. అతన్ని చూసి లేచి, నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

"రా తమ్ముడూ. గంజిలో ఉప్పు వేయించావా? నిన్న చప్పగా ఉంది, నేను ఇంకా పోలేదని చెప్పు ఆ వంటవాడికి" అంది డో ఫ్వా యిన్. ఒంట్లో మిగిలినవి కళ్ళూ నోరూ మాత్రమే.

"వేశాడక్కా."

రెండు చెంచాలు తాగి చాలంది. చేత్తో దగ్గరికి రమ్మంది. "నీతో ఒక పనుంది. కాదనకు. మధ్యాహ్నం టేపు పెట్టేటప్పుడు ఆ మీట తిప్పకు."

గిన్నె అతని చేతిలో ఒరిగింది. గంజి చాప మీద పడింది.

"ఏ మీటక్కా?"

"నా దగ్గరా నీ వేషాలు? నాలుగేళ్ళ నుంచి వినడం లేదు నేను దాన్ని. చెవులు మూసుకుని ఊడుస్తున్నాననుకున్నావా?"

"నీ మనసు కష్టపడుతుందని..."

"నా మనసా!" నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గేదాకా అతను నేల చూస్తూ నిలబడ్డాడు. "నీ తిట్టుతో నాకు పనిలేదు. బండివాడంట, బండివాడు! ఆ రోజు ఏ బండీ రాలేదు, వరండా ఊడ్చింది నేను. నాకు కావాల్సింది దాని తర్వాతది. అంత పెద్దాయన నా దగ్గును ఆపకుండా, పక్కన కూర్చోనివ్వండి అన్నారు. నన్ను కూర్చోమని అంతకుముందు ఎవరూ అనలేదు తమ్ముడూ. అది నాది. ఒక్కసారి విని పోతాను."

మన్నించమని అప్పుడే అనాల్సింది. గొంతులోకి వచ్చింది కూడా. మోకాళ్ళు వంచాడు. అంతలో మా విమల నీళ్ళ కుండతో లోపలికి వచ్చింది. అతను వంగినవాడు వంగినట్టే కిందపడిన గంజి గుడ్డతో తుడిచి లేచాడు. పరాయి మనిషి ముందు అనలేకపోయాడు. ఇరవై రెండేళ్ళు మోసింది, ఒక ఇరవయ్యేళ్ళ పిల్ల చూస్తుందని మళ్ళీ మింగేశాడు.

"తిప్పనక్కా. ఒట్టు" అన్నాడు.

పదిన్నరకు అందరి భోజనాలూ అయ్యాయి. అతను తినలేదు. పాత స్పీకరు పెట్టె ఒకటి వెతికి, తీగ వరండా మీదుగా లాగి, ఆమె తలాపున పెట్టి వచ్చాడు. ఒంటిగంటకు రైలుపట్టా మోగించాడు. మీట నొక్కి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. తెర చాటున ఉన్న మనిషి మొట్టమొదటిసారి కదలకుండా కూర్చున్నాడు, అదీ తన చేతికి భయపడి.

ఎండ మండిపోతోంది. "పట్టుకోకండి, తోసెయ్యకండి" అంటున్నారు సయాడో. ముప్పై తొమ్మిదో నిమిషంలో కరెంటు కుంగింది. మిషను మీద ముల్లు వణికి కిందికి పడిపోయింది, సయాడో గొంతు సాగదీసినట్టయింది. ఊ ఓన్ ఫే గబుక్కున చేతులు బయటికి తీసి, బల్ల కింద కరెంటు సర్దే పెట్టె మీట సవరించాడు. ముల్లు లేచింది. హమ్మయ్య అనుకుని, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, గడియారం చూశాడు. చూపు గడియారం మీదే ఉంది. చెవులు వేడెక్కాయి.

"ఉబ్బుతోంది... తగ్గుతోంది..." అని వినపడ్డాకే తెలిసింది, తన బొటనవేలు మీటను కుడికి తిప్పుతోందని. ఇరవై రెండు లెక్క అప్పటికే అయిపోయింది. ఎవరు లెక్కపెట్టారో కూడా తెలియలేదు.

తన చేతిని తనే చూసుకున్నాడు. నరికేసుకోవాలనిపించింది. తర్వాత, ఆ కేంద్రంలో ఎవరూ ఎన్నడూ చేయని పని చేశాడు. కదలకూడని గంట మధ్యలో టేపు ఆపేశాడు. శాలలో తలలు లేచాయి. వెనక్కి తిప్పే మీట నొక్కితే టేపు కీచుమంటూ తిరిగింది. తొందరలో మరీ వెనక్కి వెళ్ళింది, ముందుకు తెచ్చాడు, దాటిపోయింది, మళ్ళీ వెనక్కి. నిమిషం పట్టిందో, రెండు పట్టాయో. శబ్దం పూర్తిగా కుడికి తిప్పి వదిలాడు.

దగ్గు వచ్చింది. "దగ్గి చావవే ముసలిదానా!" అన్న తన గొంతు నూట నలభై మంది మీద పడింది, ముప్పై తొమ్మిదేళ్ళ వయసు బలుపుతో. దాని వెనకే సయాడో మాట, ఒక్క అక్షరం పోకుండా. ఊ ఓన్ ఫే ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అయినా వింటోంది కదా, అనుకున్నాడు. అక్క వింటోంది కదా.

గంట పూర్తయి, రైలుపట్టా మోగించి, చెప్పులు లేకుండానే వరండా వెంట నడిచాడు. మా విమల గుమ్మంలో నిలబడి ఉంది.

"విన్నదా?" అన్నాడు.

ఆమె తల దించుకుంది. "కూర్చోబెట్టమంది ఉపాసకా. నేనే వీపు ఆనించి పట్టుకున్నాను. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది నా దగ్గు అని నాతో చెప్పింది. గొంతు తగ్గిపోయింది. మళ్ళీ వచ్చింది కానీ అది వేరే మాట. తర్వాత మొత్తానికే ఆగిపోయింది. కళ్ళు తెరిచి, 'ఆపేశాడా?' అంది."

"తర్వాత?"

"అంతే. నా భుజం మీదే."

"మళ్ళీ పెట్టాను కదా సయాలే. మొత్తం పెట్టాను కదా."

"నేను విన్నాను" అంది ఆ పిల్ల.

అతను లోపలికి వెళ్ళి మోకాళ్ళ మీద కూలబడి, ఆమె పాదాల దగ్గర నుదురు నేలకు ఆనించాడు. మూడుసార్లు. నోటితో చేసిన తప్పు, చేత్తో చేసిన తప్పు అని పైకే అన్నాడు, మా విమల వింటుండగానే, వరండాలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తుండగానే. ఆ పాదాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. తలాపున స్పీకరు పెట్టె సన్నగా గుయ్‌మంటోంది. దాని తీగ పీకడం అతనికి చాతకాలేదు, మా విమలే పీకింది.

సాయంత్రం ఆరింటికి మళ్ళీ ధ్యానం. అతను మీట నొక్కి, తెర పక్కకు లాగి, శాలలో చివరి వరసలో, అందరికీ కనపడేలా కూర్చున్నాడు. నలభై ఒకటో నిమిషం వచ్చింది, పోయింది. చేతులు తొడల మీదే ఉన్నాయి.

లేచి వెళ్తూ రంగూన్ ఆవిడ అతని దగ్గర ఆగింది. "మిషను బాగైనట్టుందే అన్నా! ఎవరు ఆ మోటు మనిషి, పాపం ఆ ముసలమ్మను అంత మాట అన్నాడు?"

"నేనేనమ్మా."

ఆవిడ నవ్వబోయి, అతని ముఖం చూసి మానేసింది. చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది.

ఊ ఓన్ ఫే వరండాలోకి వచ్చాడు. స్తంభానికి ఆనించి చీపురుంది. గూట్లో రేకు డబ్బా మూత సగం తెరిచి ఉంది. లోపల రెండు తాటిబెల్లం ముక్కలు, ఒకటి కొరికి మిగిల్చింది, దాని మీద పంటి గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి.