చలికోటు జేబులు

జేబులు చూడకుండా కోటు వాషింగ్ మిషన్లో వెయ్యకూడదు. ఆ షాపులో ఎవరు కొత్తగా చేరినా ముందు చెప్పే మాట ఇదే. ఎప్పుడో ఒకమ్మాయి చూసుకోకుండా వేసేసింది. ఎవరి జేబులోనో సగం కొరికిన చాక్లెట్టు ఉండిపోయింది. అది కరిగి, దాంతోపాటు తిరిగిన పన్నెండు కోట్లకూ అంటుకుంది. ఓనరమ్మ లబోదిబోమని, ఆ రోజు నుంచి జేబుల పని ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా కుట్టుమిషన్ దగ్గరుండే ఆమె ఒక్కదానికే అప్పగించింది. పదకొండేళ్లయింది. జేబులు వెతికేది ఆమే, చిరిగితే కుట్టేది ఆమే. ఇంత నమ్మకమున్న మనిషిని పేరు పెట్టి పిలవొచ్చు కదా, అదీ లేదు. "జేబులమ్మా" అంటుంది ఓనరమ్మ. ముద్దుకే లెండి. ముద్దుతో జీతం పెరగదు, అది వేరే సంగతి.

ఆ ఊళ్లో మంచు పడదు. డబ్బున్నవాళ్లు మంచు పడే చోటికి వెళ్లి చూసొస్తారు. వారం రోజుల ముచ్చటకి అంత లావు కోటు కొనడం ఎందుకని ఈ షాపులో అద్దెకు తీసుకుంటారు. వెళ్లేటప్పుడు మడతలు నలగకుండా పట్టుకెళ్లి, వచ్చాక ముద్దగా చుట్టి కౌంటరు మీద పడేసిపోతారు. అక్కడినుంచి ఆమె పని మొదలు.

మగవాళ్ల కోటయితే అరనిమిషం. ఒక రోప్‌వే టికెట్టు ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఆడవాళ్ల కోటు వచ్చిందంటే మాత్రం కుర్చీ లాక్కుని కూచోవాల్సిందే. జత తప్పిన పిల్లల గ్లౌజు, ముక్కు తుడిచిన రుమాలు, బీపీ మాత్రల అట్ట, చార్జరు వైరు, మగవాళ్ల నల్లకళ్లద్దాలు, గది తాళంచెవి, ఎవరో వద్దని చేతిలో పెట్టేస్తే దాచిన సగం బిస్కెట్టు. ఒకసారి కాగితంలో పొట్లం కట్టిన పాలపన్ను దొరికింది. దొరికినవన్నీ కవర్లో వేసి, రసీదు నంబరు రాసి పెడుతుంది. వాళ్లొచ్చి కవరు విప్పి, "అయ్యో, ఇది మా బాబుది", "ఇవి మా అత్తగారివండీ", "మా ఆయన వీటికోసం ఇల్లు పీకి పందిరేశారు" అంటారు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా 'ఇది నాది' అని ఆ కవర్లోంచి ఏదీ తీసుకోలేదు. ఆడవాళ్ల కోట్లకి ముందుగా చిరిగేది కూడా జేబు మూలే. బరువుకి.

కిందటేడు మాత్రం ఒక కోటు వచ్చింది. రిటైరైన టీచరమ్మది. ఒక్కతే వెళ్లి ఒక్కతే వచ్చింది. ఈమె ఆ కోటు జేబుల్లో చెయ్యి పెట్టి వెతికింది, అడుగంటా తడిమింది, లోపలి గుడ్డ బయటికి లాగి దులిపింది. దారప్పోగు కూడా లేదు. ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమండీ టీచర్ గారూ, ఈ జేబుల్లో మీరేం పెట్టుకోలేదా?"

"పెట్టుకోకేం? చేతులు పెట్టుకున్నాను" అని నవ్విందావిడ. వెళ్లబోతూ ఆగి, "మంచు పడేటప్పుడు చప్పుడుండదమ్మా. నా చెవులు గాని పోయాయా అనుకున్నాను. అంతసేపు నన్నెవరూ పిలవకుండా ఉండటం నాకదే మొదటిసారి" అంది.

ఆ మాట ఆమె మనసులో పడిపోయింది. కుట్టుమిషన్ తొక్కుతున్నా అదే, బస్సులో నిలబడినా అదే. ఒక్కసారి, ఖాళీ చేతులతో, మంచు పడుతుంటే నిలబడాలి. ఎవరితో చెప్పుకోను? ఇంట్లో చెబితే నవ్వుతారు. షాపులో చెబితే ఓనరమ్మ నాలుగు రోజులు ఏడిపిస్తుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు.

అలాంటిది, ఈ చలికాలంలో మంచు ఊసు వాళ్లాయనే ఎత్తాడు. లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరు ఆయన. పక్క సీటాయన పెళ్లాంపిల్లలతో మంచులో దిగిన ఫోటోలు చూపించాడట. "మనమూ వెళ్దామా?" అన్నాడు ఆదివారం పొద్దున టీ తాగుతూ. చపాతీలు వత్తుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

మూడు రోజులు ఇంట్లో అదే రచ్చ. రేట్లు చూసి ఆయన నీరుగారిపోయాడు. "ఆరు రోజులకి ఇంతా? రెండేళ్లు దాచింది ఊదేసినట్టే. అవసరమా మనకి?" అత్తగారు వెంటనే అందుకున్నారు. "డబ్బిచ్చి మరీ వణకడమేంట్రా, విడ్డూరం కాకపోతే! ఫ్రిజ్ తలుపు తీసుకుని కూర్చుంటే సరి." తొమ్మిదేళ్ల చిన్నాడు మంచు మనిషిని చెయ్యకపోతే ఈ జన్మే దండగన్నట్టు ఏడ్చాడు. పదో తరగతి చదివే పెద్దది, క్లాసులో మంచు చూడనిది తనొక్కతేనని మూతి ముడుచుకుంది. అందరికీ తలో మాటా ఉంది. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు. పెద్దది ఒక మాటనేసింది కూడా. "అమ్మకెలాగూ చలి పడదు కదా నాన్నా, గదిలో ఉంటుంది."

చలి పడదా? చలంటే ఎలా ఉంటుందో కూడా తెలియదే నాకు! ఎవరు చెప్పారు వీళ్లకి? అనుకుంది. తర్వాత గుర్తొచ్చింది. నాలుగేళ్ల కింద సముద్రానికి వెళ్లినప్పుడు, అందరి చెప్పులూ బ్యాగులూ తువ్వాళ్లూ చుట్టూ పేర్చుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇసుకలో కూర్చుంది తను. 'కాసేపు నేను చూస్తాలే, నువ్వెళ్లు' అని ఎవరైనా అంటారని చూసింది. ఎవరూ అనలేదు. తిరుగు రైల్లో ఆయన, "నువ్వు నీళ్లలోకే రాలేదేమోయ్? భయమా?" అన్నాడు. ఏం చెబుతుంది? ఊరుకుంది. అంతే, అమ్మకి నీళ్లంటే భయమని ఇంట్లో ఖాయమైపోయింది. బంధువులొస్తే ఆయన నవ్వుతూ చెబుతాడు, పిల్లలు వంత పాడతారు. ఇప్పుడు చలి కూడా పడదట. ఇలా ఒక్కొక్కటే పడకుండా పోతే చివరికి తనకి పడేది వంటిల్లొక్కటే మిగులుతుంది కాబోలు.

బుధవారం సాయంత్రం ఆయన గుమ్మంలోంచే కేకేశాడు. "దొరికిందోయ్!"

వంటిల్లున్న గదట. స్టవ్వు, గిన్నెలు, చాకుతో సహా అన్నీ వాళ్లే ఇస్తారట. "బయట తిండికే సగం పోతోంది. నువ్వున్నావుగా, ఆ ఖర్చు తప్పినట్టే. కోట్లెలాగూ మీ షాపు నుంచి ఊరికే తెస్తావు. ఇంకేం, మనకి అందినట్టే!"

అత్తగారి మొహం విప్పారింది. "అయితే నేనూ వస్తాన్రా. బయట తిండి నాకు పడదుగాని, అమ్మాయి చేతి వంటయితే పరవాలేదు." పదహారేళ్లలో ఆమె వంటకి ఆవిడ నోట వచ్చిన మొదటి మెప్పు అది. దానికి సంతోషించాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు.

ఆయన ఫోన్లో గది ఫోటోలు చూపించాడు. హాలుకి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కిటికీ, కిటికీ నిండా మంచు. వేలితో పక్కకి జరిపితే వంటిల్లు. ఇరుకు సందులా ఉంది.

"వంటింటికి కిటికీ లేదా?" అంది ఆమె. ఈ ప్రయాణం గురించి ఆమె నోరు విప్పింది అప్పుడే.

"వంటింటికి కిటికీ ఎందుకోయ్? పొగ లాగే ఫ్యానుంది, చూడు!"

అప్పుడే పాలు పొంగుకొచ్చాయి. ఆమె పరిగెత్తి రెండు చేతుల్తో గిన్నె పట్టుకుని దించుతోంది. వెనక నుంచి ఆయన హుషారుగా, "వెళ్దామనేవాళ్లు చేతులెత్తండి!" అన్నాడు. పిల్లలిద్దరూ ఎత్తారు, అత్తగారు ఎత్తారు, ఆయనే ముందు ఎత్తాడు. "అందరూ ఒప్పేసుకున్నారు! ఏకగ్రీవం!" అని తనే చప్పట్లు కొట్టాడు. ఆమె కాగిన పాలగిన్నెతో అలాగే నిలబడింది. చెయ్యి ఎత్తలేదని ఒక్కరూ చూడలేదు. చేతులు ఖాళీ లేవు మరి.

మర్నాడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది గాని, బయట ఏమున్నాయో ఆమె చూడలేదు. ఆ ఆరు రోజులూ కళ్లకి కట్టినట్టు కనిపిస్తున్నాయి. పరాయి వంటింట్లో ఉప్పెక్కడుందో వెతుక్కోవడం. నలుగురికీ టిఫిను పెట్టి, ఫ్లాస్కుల్లో టీ పోసి, గ్లౌజులు తొడిగి, 'జాగ్రత్త' అని తలుపు దగ్గర నిలబడి పంపించడం. గిన్నెలు తోమి, మధ్యాహ్నం వంట పూర్తి చేసేసరికి వాళ్లు తడిసిన మేజోళ్లతో లోపలికొచ్చి 'భలే ఉందమ్మా, నువ్వు రావాల్సింది' అనడం. ఆ మేజోళ్లు ఆరబెట్టడం. ఇంటికొచ్చాక 'అమ్మకి మంచు పడలేదు' అని బంధువులకి చెప్పుకుని నవ్వుకోవడం. ఇంటినిండా మనుషులు, రోజుకి వందసార్లు ఆమెని పిలుస్తారు. అయినా ఆమెకి ఎవరూ లేరనిపించింది. ఒంటరితనమంటే ఇంట్లో ఎవరూ లేకపోవడం అనుకునేది పెళ్లికి ముందు. కళ్లు తుడుచుకుందామని చూస్తే హ్యాండుబ్యాగులో చిన్నాడి రుమాలుంది. దాంతోనే తుడుచుకుంది.

అంత డబ్బు పోసి వెళ్లడం దండగా కాదా అని ఇంట్లో అందరూ లెక్కలేశారు. దండగ కాకుండా చేస్తున్నది తనే. తన వంట, తన కోట్లు. మరి తనకో? తనకి దండగా, కాదా? ఆ లెక్క తనే వేసుకోవాలి, ఇంకెవరూ వెయ్యరు.

శనివారం ఓనరమ్మ ఐదు కోట్లు తీసిచ్చింది. "అద్దె వద్దులేవే. ఆ వారం జీతం ఎలాగూ ఇవ్వను, దానికీ దీనికీ చెల్లు!" అని పకపకా నవ్వింది. అద్దె మిగిలినట్టా, జీతం పోయినట్టా? ఆమె నాలుగు కోట్లు సంచుల్లో పెట్టింది. ఐదోది, ముదురు నీలం రంగుది, తనది. దాన్ని బల్లమీద పరిచి, జేబుల గుడ్డ బయటికి లాగింది. లోతైన జేబులు. ఒక్కోదాంట్లో సంసారం పడుతుంది. ఆమె తన కుడిచెయ్యి ఆ గుడ్డమీద బోర్లా పెట్టి, సుద్దముక్కతో వేళ్ల చుట్టూ గీత గీసింది. తర్వాత ఎడమది. గీత వెంబడి మిషన్ నడిపించింది.

ఓనరమ్మ ముక్కున వేలేసుకుంది. "ఏంటే అది? చిరిగిన జేబులు కుట్టమంటే బాగున్నవాటిని బిగిస్తావా? అదేం కొలత?"

"నా చేతి కొలత. వచ్చాక విప్పేస్తాలెండి."

"దాంట్లో చెయ్యి తప్ప ఇంకేం పడుతుందే?"

"ఇంకేం పట్టదండీ" అంది ఆమె, దారం పళ్లతో కొరికి తెంపుతూ.

సాయంత్రం ఇల్లంతా కోట్లే. పెద్దది అద్దం ముందు నుంచి కదల్లేదు. అత్తగారు కోటు తొడుక్కుని సోఫాలో కూలబడి, "లేపండ్రా నన్ను!" అని అరుస్తుంటే చిన్నాడు పడి పడి నవ్వాడు. ఆ సందట్లో ఆమె తన కోటు తొడుక్కుంది. నిదానంగా గుండీలు పెట్టుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుంది. బిగుతుగా, వెచ్చగా ఉంది.

"ఏవండీ, ఆ గది వద్దు" అంది.

"ఏ గది?"

"వంటిల్లున్నది. వాళ్లే వండిపెట్టే చోటు చూడండి."

"నీకేమైనా పిచ్చా? అలాగైతే మనకి అందదే!"

"ఆరు రోజులైతే అందదు. మూడు రోజులకి సరిపోతుంది. నేనూ చూశాను రేట్లు."

"మరి నా తిండి?" అన్నారు అత్తగారు సోఫాలోంచి.

"మెత్తగా వండమంటే వండుతారత్తయ్యా. డబ్బు తీసుకుంటారు కదా."

"ఉన్నట్టుండి ఏమొచ్చింది నీకు?" ఆయన గొంతు పెరిగింది. "అంతా అనుకున్నాక..."

"మీరు నలుగురూ అనుకున్నారు. నేను చెయ్యెత్తలేదు. పాలు దించుతున్నాను." ఆమె వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "నాకు మంచు చూడాలనుందండీ. మీ అందరికన్నా ఎక్కువగా ఉంది. కిటికీ లేని వంటింట్లో ఆరు రోజులు ఉండొచ్చేదానికైతే ఆ డబ్బు దండగ. మూడు రోజులు, వంట లేకుండా అయితే వస్తాను. కాదంటే మీరు నలుగురూ వెళ్లిరండి, ఆ వంటింట్లో ఎవరు వండుతారో మీరే అనుకోండి."

పెద్దది అద్దంలోంచే తల్లిని చూసింది. చిన్నాడు దగ్గరికొచ్చి కోటు కొస పట్టుకున్నాడు.

"అమ్మా, నీకు చలి పడదుగా?"

"ఎవరు చెప్పారు?"

వాడు ఆలోచించాడు. "అందరూ" అన్నాడు.

"నన్నెవరైనా అడిగారా?"

వాడు లేదన్నట్టు తలూపాడు. "మంచు మనిషికి మూడు రోజులు చాలా?" అన్నాడు.

"ఒక్క పూట చాలు. నేనూ ఒక చెయ్యి వేస్తాను."

ఆయన ఫోను తీశాడు, మళ్లీ లోపల పెట్టాడు, మళ్లీ తీశాడు. మొహం గంటు పెట్టుకునే ఏదో వెతికాడు. "మూడు రోజులైతే... సరే, చూద్దాం. సోమవారం కనుక్కుంటా" అని గొణిగాడు. ఓడిపోయినట్టు కనిపించకూడదు కాబట్టి, వెంటనే పెద్దరికంగా బల్ల దగ్గరికెళ్లి వాళ్లమ్మ మాత్రలు, తన నల్లకళ్లద్దాలు, చార్జరు, చిన్నాడి గ్లౌజులు పోగుచేసి తెచ్చాడు.

"ఇవి నీ జేబులో పెట్టుకో. మళ్లీ అక్కడ వెతుక్కోలేం."

"ఖాళీ లేదండీ."

"అంత కోటుకి ఖాళీ లేకపోవడమేంటి? ఏం పెట్టావేం?"

"చేతులు" అంది ఆమె.