కారం ఎక్కువైన కాపు

బంగారుపాళ్యంలో మామిడిరసం ఫ్యాక్టరీ వెనక వీధిలో ఉత్త శకుంతలమ్మ అంటే ఎవరని అడిగేవాళ్ళుంటారేమో గానీ, సూదిమిరప శకుంతలమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. ఆమె ఇంటి పెరడు పెద్దదేం కాదు. బావి, బోకులు తోమే బండ, మూలనున్న కరివేపాకు చెట్టు పోగా మిగిలిన నేలంతా మిరపే. ఆ కాయ గోరంత పొడుగు, దబ్బనమంత సన్నం. మిగతా మిరపకాయల్లా కిందికి వేలాడదు, ఆకుల పైకి లేచి నిక్కబొడుచుకుని నిలబడుతుంది. కొరికిన వెంటనే ఏమీ తెలియదు. మింగాక చెవుల్లోంచి పొగలు వస్తాయి.

గుడియాత్తం పక్కనున్న పుట్టింటి నుంచి కాపరానికి వచ్చేటప్పుడు ఆ గింజల్ని ఆమె కొంగున కట్టుకొచ్చింది. ఏటా బాగా కాసిన చెట్టు మీద కొన్ని కాయల్ని పండి ఎండేదాకా వదిలేసి, ఆ గింజల్ని బూడిదలో కలిపి కుండలో దాచేది. వైశాఖంలో నారు పోసి, పైన కొబ్బరిమట్ట కప్పి, వేళ్ళతో నీళ్ళు చిలకరించేది. ఆకు ముడుచుకుంటే పులిసిన మజ్జిగ చల్లేది. పూత పట్టాక మాత్రం నీళ్ళు బిగబట్టేది. నీళ్ళు తాగిన మిరపకు రోషముండదని ఆమె మాట.

వీధిలో ఆడవాళ్ళు రోట్లో ఊరిబిండి పచ్చడి నూరుకోవాలన్నా, నిమ్మకాయలు ఊరేసుకోవాలన్నా గిన్నె పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె భర్త బాలసుబ్రమణ్యం ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని చేసేవాడు. ఒక కాయకే అతనికి నుదురంతా చెమట పట్టేది. ఆమె మాత్రం రాగిసంగటి ముద్ద పక్కన గుప్పెడు కాయలు పెట్టుకుని, శెనక్కాయలు నమిలినట్టు నమిలేది. అన్నం తిన్నాక వక్కాకు వేసుకుని, పొగాకు కాడ తుంచి ఎడమ బుగ్గన పెట్టుకునేది. మళ్ళీ అన్నం వేళదాకా అది అక్కడే ఉండేది.

ఆ ఏడు భాద్రపదంలో మొదటి కాయలు కోసినరోజు, ఆమె ఒక కాయ కొరికి ముద్ద వదిలేసి లేచింది. చెంబెడు నీళ్ళు తాగింది. మంట తగ్గలేదు. మొదటి కాపు కదా, ఎండ కాస్త ఎక్కువైంది కదా అనుకుంది. రెండో కోతకూ అంతే. మూడో కోతకు ఆమె కళ్ళనీళ్ళు ఆగలేదు. ముప్ఫై ఏళ్ళుగా తన చేతి కింద పెరిగిన చెట్లు తనకే ఎదురు తిరిగాయంటే ఎవరో ఏదో చేసి ఉండాలి. ఇంట్లో ఆమెగాక పెరట్లోకి పోయేది ఒక్క కోడలే.

కోడలు అలివేలు ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. కొడుకు రామచంద్ర చిత్తూరులో లారీల షెడ్డులో పనిచేస్తూ వారానికొకసారి వచ్చి పోతుండేవాడు. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు అలివేలు. చెప్పిన పని చేసేది, చెప్పని పని కూడా చేసేది.

"నా చెట్లకు ఏమేసినావు మే?" అని అడిగింది శకుంతలమ్మ.

"నేనేమీ వెయ్యలేదత్తా."

వెయ్యకపోతే కారం ఇట్లా ఎందుకెక్కుతుందని శకుంతలమ్మ గొంతు పెంచింది. బోకులు కడిగిన సబ్బునీళ్ళు మొదళ్ళలో పోసినావంది. ఆరని పేడ వేసినావంది. పుట్టింట్లో మట్టి ముట్టుంటే కదా తెలిసేది అని, వాళ్ళమ్మను కూడా ఆ మాటల్లోకి లాగింది. గిన్నె పట్టుకుని వచ్చిన పక్కింటి దేవకమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. అలివేలు బావి గట్టు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సాయంత్రం బాలసుబ్రమణ్యం రెండు కాయలు కొరికి చూశాడు. ఎప్పుడూ ఉండేదేననీ, చెప్పాలంటే ఈసారి రోంత తగ్గిందేననీ అన్నాడు. కోడల్ని వెనకేసుకొస్తున్నాడని శకుంతలమ్మ అతనితోనూ మాటలు మానేసింది.

దసరా వెళ్ళాక ఆమె చెట్లలో సగం పీకేసింది. పీకుతుంటే వేళ్ళతోపాటు తన చెయ్యే ఊడి వస్తున్నట్టు అనిపించింది. పలమనేరు సంత నుంచి లావుమిరప నారు తెప్పించి ఆ గుంతల్లో నాటింది. బజ్జీలు వేసుకునే రకం అది, పసిపిల్లలు కూడా తింటారు. అది కాపుకొచ్చిన రోజు ఒక కాయ నంజుకుంది. అదీ మండింది. నేలే చెడిపోయిందని దేవకమ్మతో చెప్పింది. దేవకమ్మ ఊకొట్టి, దోవలో నాలుగు కాయలు కోసుకుని పోయింది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. శకుంతలమ్మ ఉప్పు తప్ప మరేమీ లేకుండా పెరుగన్నం కలుపుకుంది. మొదటి ముద్దకే ఎడమ దవడ లోపల నిప్పు తాకినట్టయింది.  నాలుకతో మెల్లగా ఆ చోటు తడిమింది. అక్కడ చర్మం చర్మంలా లేదు, గరుకుగా, కాస్త లేచి ఉంది. పొగాకు పెట్టుకునే చోటది.

ఆమె లేచి తలుపు దగ్గరికి పోయి పెరట్లోకి చూసింది. మిగిలిన సూదిమిరప చెట్లు విరగ్గాసి ఉన్నాయి. వాటిలో ఏ మార్పూ లేదు. మారింది చెట్లు కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఎవరితోనూ చెప్పలేదు. గుడియాత్తంలో ఆమె పినతల్లి దవడ పుండుతో పోయింది. చివర్లో ఇంటివాళ్ళే ఆమె పళ్ళెం, చెంబు వేరుగా పెట్టి, పసిపిల్లల్ని దగ్గరికి పోనీలేదు. అది కళ్ళారా చూసిన మనిషి శకుంతలమ్మ. ఆ భయం ఒకటి. దాన్ని మించింది ఇంకొకటి ఉండింది. నోట్లో పుండుందని చెబితే, చెట్ల తప్పేమీ లేదని చెప్పినట్టే. చెట్ల తప్పు లేకపోతే అలివేలు తప్పూ లేదు. దేవకమ్మ ముందర అన్ని మాటలన్న నోటితో ఆ ముక్క ఎట్లా చెప్పేది? మానిపోతుందిలే అనుకుంది. పొగాకు మానేసింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, వేపపుల్ల నమిలింది.

తిండి దగ్గర మాత్రం ఎప్పటిలాగే కూర్చునేది. ముద్ద పక్కన గుప్పెడు కాయలు ఎప్పటిలాగే పెట్టుకునేది. కాయ నోటిదాకా తీసుకుపోయి, కొరికినట్టు చేసి, గుప్పిట్లో దాచేది. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయినప్పుడు బండ వెనక పారేసేది. వెంకటరమణస్వామికి మొక్కుకున్నానని చెప్పి రాత్రి భోజనం మానేసింది. రవికెలు వదులయ్యాయి. ఉపవాసాల వల్లేనని అందరూ నమ్మారు.

మాఘంలో ఒక ఉదయం అలివేలు బోకులు తోముతూ బండ వెనక్కి వంగి చూసింది. బురదలో చేటంత మేర మిరప నారు ఒత్తుగా మొలిచి ఉంది.

"అత్తా, ఈడ నారెవురు పోసినారు?"

పిట్టలు వేసుంటాయని శకుంతలమ్మ గడపలోంచే చెప్పింది. సూదిమిరపను పిట్టలు తింటాయి, ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ అలివేలు అక్కణ్ణించి కదల్లేదు. పిట్టలు వేస్తే ఆడొకటీ ఈడొకటీ మొలుస్తాది గానీ ఇట్లా కుప్పగా మొలుస్తాదా అంది. మట్టిలో వేలు పెట్టి కెలికి, కుళ్ళీ కుళ్ళని పండుకాయలు కొన్ని బయటికి తీసింది. తొడిమలతో సహా ఉన్నాయి. ఒక్కదాని మీదా పంటిగాటు లేదు. వాటిని అరచేతిలో పెట్టుకుని అత్త ముఖంలోకి చూసింది. జారిపోయిన బుగ్గల్నీ, వదులైన రవికెనూ ఆ పిల్ల అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

శకుంతలమ్మ వచ్చి బండ మీద కూర్చుంది. నోరు తెరిచి చూపింది. అలివేలు ఆమె గడ్డం పట్టుకుని ఎండకేసి తిప్పింది. దవడ లోపల సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. దాని నడుమ ఎర్రటి గుంత.

"ఎన్నాళ్ళాయె అత్తా ఇది?"

"నిన్ను తిట్టినప్పటి నుంచి" అంది శకుంతలమ్మ.

అలివేలు చేతిలో కాయలు బురదలో పడిపోయాయి. చెయ్యి కూడా కడుక్కోకుండా ఫ్యాక్టరీకి పరిగెత్తింది.

వేలూరు పెద్దాసుపత్రిలో డాక్టరు ఎప్పటి నుంచి అని అడిగితే, బాలసుబ్రమణ్యం ఈ మధ్యేనని చెప్పాడు. అతనికి తెలిసింది అంతే. భాద్రపదం నుంచి అని అలివేలు సరిదిద్దింది. డాక్టరు చాలాసేపు చూసి, అప్పుడే వచ్చి ఉంటే కోసి తీసేవాళ్ళమనీ, ఇప్పుడది ఎముకలోకి పోయిందనీ, పుండు మాడేలా కరెంటు పెట్టి చూద్దామనీ చెప్పాడు. తిరుగు బస్సులో బాలసుబ్రమణ్యం భార్య పక్కన కూర్చుని, ముందు సీటు కమ్మీనే చూస్తూ ఉండిపోయాడు. చిత్తూరు దాటాక ఒక్కసారి మాత్రం, నాతోనన్నా చెప్పొచ్చు కదా అన్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

కరెంటు పెట్టించుకున్నాక బుగ్గ నల్లబడింది. ఉప్పు, పులుపు, తీపి ఏదీ తెలియకుండా పోయింది. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదు. అలివేలు రాగిజావ వడగట్టి చెంచాతో పోసేది. పోపు ఘాటుకు అత్త దగ్గుతోందని ఇంట్లో మిరపకాయ వేయించడమే మానేసింది. బాలసుబ్రమణ్యం, వారానికొకసారి వచ్చే రామచంద్ర నోరెత్తకుండా మిరియాల చారుతో తిని లేచేవాళ్ళు. ఆమె పళ్ళెం, చెంబు మాత్రం ఎవరూ వేరుగా పెట్టలేదు. అలివేలు తన పళ్ళెంతో కలిపే కడిగేది. శకుంతలమ్మ అది గమనించింది.

జ్యేష్ఠంలో ఒకరోజు మంచం పెరట్లో వేయించుకుంది. అలివేలును పిలిచి, సంగటి కెలికి ఇక్కడికే తెచ్చుకొమ్మంది. చెట్టు నుంచి కాయలు కోసుకొమ్మని చేత్తో చూపింది. అప్పటికి ఆమె మాట ముద్దగా వచ్చేది, ఇంటివాళ్ళకు తప్ప అర్థమయ్యేది కాదు. అలివేలు వద్దంది.

"తిను మే. నేను సూడాల."

అలివేలు కోసుకొచ్చింది. సంగటి ముద్దలోకి నంజుకుంటూ ఒక కాయ కొరికింది. రెండోది కొరికేసరికి ముక్కు కారింది, కళ్ళు ఎరుపెక్కాయి. శకుంతలమ్మ ఆ పిల్ల దవడలు కదలడమే చూస్తూ ఉండింది.

"కారంగా ఉండాదా?"

"శానా ఉండాదత్తా."

"అది పుట్టినప్పటి నుంచీ అంతే" అంది శకుంతలమ్మ. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. "నువ్వేమీ వెయ్యలేదు."

అలివేలు తల దించుకుని తిన్నది. కళ్ళనీళ్ళు కారానివో మరి దేనివో తుడుచుకోలేదు. ఆ మాట దేవకమ్మ కూడా వినుంటే బాగుండునని శకుంతలమ్మకు అనిపించింది. కానీ ఆమెను పిలిపించి మళ్ళీ చెప్పేంత ఓపిక లేదు. ఎండ మంచం మీదికి వస్తోంది. లోపలికి తీసుకుపొమ్మని చెయ్యి చాపింది.

తరువాత ఆమెకు మాట పడిపోయింది. ఆషాఢంలో ఒక సాయంత్రం బాలసుబ్రమణ్యం పని నుంచి వచ్చి, శ్రీహరికోట నుంచి రాకెట్టు పైకి పోయిందని టీకొట్టు రేడియోలో చెప్పారని ఆమె చెవి దగ్గర చెప్పాడు. ఆమెకు వినపడిందో లేదో తెలియలేదు. వీధంతా ఫ్యాక్టరీ పారేసిన మామిడి తొక్కల పులిసిన వాసన నిండి ఉంది. ఆ వారంలోనే ఆమె పోయింది.

పెద్దకర్మ రోజు వంటకు పచ్చిమిరప కావాలంటే రామచంద్ర అంగడి నుంచి తెచ్చాడు. పెరట్లో కాయలు ఎర్రగా పండి రాలుతున్నా, అవి గింజలకని చెప్పి అలివేలు వాటి జోలికి ఎవరినీ పోనీలేదు.