శారోన్ సాక్ష్యం

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళకి శారోన్ లేచి నిలబడింది. దీనమ్మని పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది.

"మీ మేనకోడలికి ప్రమోషనొచ్చినట్టుందే! ఈసారి కేకు ముక్కతో ఊరుకోం. బిర్యానీ పెట్టాల్సిందే."

"పెడుతుందిలే, నోరు మూసుకుని విను," అంది దీనమ్మ లోలోపల పొంగిపోతూ.

ఉద్యోగమొచ్చినా, రోగం తగ్గినా అందరి ముందూ చెప్పి దేవుడికి కృతజ్ఞత చెల్లించడం ఆ సంఘంలో మామూలే. వీడియోల యాప్ నడిపే కంపెనీలో ఇంజనీరు శారోన్. రాజోలులో ఇంటి నుంచే పని చేస్తుంది.

శారోన్ మైకు అందుకుంది. "నేను తప్పు చెప్పుకోడానికి లేచేనండి. వెనక చెప్పుల దగ్గర కూర్చున్నాయన సత్తియ్యగారు. ఆయన్ని అడిగే చెబుతున్నాను."

తలలన్నీ వెనక్కి తిరిగేయి. మోపెడ్ మీద బిందెలమ్మే సత్తియ్య, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు.

దీనమ్మ చటుక్కున ముందుకి తిరిగిపోయింది. బిందె కొన్నవాళ్ళ పాపకి ఆయన బూర ఇస్తున్న వీడియో నెల కిందట అందరి ఫోన్లలోకీ వచ్చింది. కింద 'పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు' అని రాసుంది. అరవై దాటేక అక్షరాలు నేర్చిన దీనమ్మ, రాసిన మాట అబద్ధం కూడా కావచ్చని ఎరగక, అరుగు మీద పదిమందికీ పైకి చదివింది. రెండు రోజులకి గోదావరి మధ్యనున్న ఒక లంక ఊళ్ళో జనం సత్తియ్యని పట్టుకుని చెయ్యి విరగ్గొట్టేరు.

"ఆ రాత రాసినవాణ్ణి పోలీసులు చూసుకుంటారు," అంది శారోన్. "భయపెట్టేవీ కోపం తెప్పించేవీ ఇంకా ఎక్కువమందికి చూపించేలా యాప్‌ని తయారుచేసినవాళ్ళలో నేనొకదాన్ని. జనం ఎక్కువ సేపు చూస్తున్నారని నన్ను మెచ్చుకున్నారు కూడా. అది నిజమా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

"జీతానికి చేసేదానివి, నీ తప్పేముందమ్మా?" అన్నారు సంఘపెద్ద వరప్రసాదంగారు.

"ఏటిగట్టు తెగితే గట్టు వేయించిన ఇంజనీరుని నిలదీస్తాం కదండీ. నేనూ ఇంజనీర్నే. అలాంటి వీడియోని తెలుగొచ్చిన మనిషి చూసి నిజమో కాదో తేల్చేదాకా ఆపాలన్నాను. చూసేవాళ్ళు తగ్గిపోతారని పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఒప్పుకునేదాకా ఆ పని ముట్టనని రాసిచ్చేను. ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలీదండి."

దేవుడు నాకిది ఇచ్చేడు అన్నవాళ్ళని ఆ మందిరంలో దీనమ్మ ఎందరినో చూసింది. నా చేతుల వల్ల ఇది జరిగింది అన్న మనిషిని ఇప్పుడే చూస్తోంది. తను మాత్రం నెల్లాళ్ళుగా నోరు విప్పలేదు.

సత్తియ్య లేచేడు. "మీ మాట బాగుందమ్మా. ఆ ఊళ్ళో నేను మళ్ళీ బండి ఆపగలనా? అది చెప్పండి."

శారోన్ ఆయనకేసి తిరిగింది. "తెలీదండి. శనివారం సెలవు. మీతో వచ్చి ఇంటింటికీ నేనే చెప్తాను."

"ఈ చేత్తో బండి తోల్లేనండీ."

"నేను తోల్తాను. మీరు వెనక కూర్చోండి."

"మరి నా బిందెలో?"

మందిరమంతా నవ్వింది. దీనమ్మ లేచింది. "బిందెలు నేను ఆటోలో తెస్తానండి. మా వీధికి అది చదివి వినిపించింది నేనే."

శనివారం ఆ లంక ఊళ్ళో మొదటి ఇంటివాళ్ళు మొహం మీదే తలుపేసేరు. రెండో ఇంటాయన, "ఏం, కంపెనీ పంపిందా?" అన్నాడు వెటకారంగా.

"లేదండి, నేనే వచ్చేను," అని శారోన్ మళ్ళీ మొదట్నించీ చెప్పింది. ప్రతి గుమ్మంలోనూ అవే మాటలు. ఎక్కడా తన వంతు తగ్గించుకోలేదు. దీనమ్మ బిందెలు పట్టుకుని ఆ పిల్ల వెనకే నడిచింది.

ఆరో ఇంట్లో ఒకావిడ అంతా విని, సత్తియ్య చేతి కట్టుకేసి చూసింది. లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి ఆయన ముందు వేసింది.

"ఆ రోజు మా ఆయన కూడా ఉన్నాడండి గుంపులో," అంది తల దించుకుని. "కూర్చోండి."

సత్తియ్య కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. తరవాత వీధి చివరిదాకా వినబడేలా "బిందెలోయ్, బిందెలూ!" అని కేకేసేడు.

శారోన్ అప్పటికే ఏడో గుమ్మం ముందు చెప్పులు విప్పుతోంది.