కోడి రెక్కకు వెర్నా చెయ్యి

వెర్నాకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒకటే. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో, పత్రికకు కార్టూన్లు గీసే ఆర్లో ఆమె ముఖం ఒక్కసారి కూడా గీయలేదు. చేతులు మాత్రం అమెరికాలో, మిన్నెసోటాలోని ఓ సరస్సు ఒడ్డున ఉన్న తమ ఊళ్లో ప్రతి దొంగ నాయకుడికీ అతికించాడు. పొయ్యి మీద సూప్ మాడిపోతున్నా సరే, "వెర్నా, లంచం పుచ్చుకుంటున్నట్టు చెయ్యి చాపు" అనేవాడు. ఆమె చాపేది. మర్నాడు పత్రికలో మేయరుగారికి ఆమె వేళ్లు.

ఆ మేయర్లే ఫోన్ చేసి, తమను వెక్కిరించిన అసలు బొమ్మ అడిగి తీసుకుని, ఆఫీసు గోడకు తగిలించుకునేవారు. అడగనిది ఒక్క హారియట్. నీటి సరఫరా సంఘంలో ఉన్నప్పుడు, సీసపు గొట్టాలు పిల్లల ఒంట్లోకి విషం ఎక్కిస్తున్నాయని ఆవిడ మొత్తుకుంటే, ఆర్లో ఆవిణ్ణి పిల్లల కథలో ఆకాశం విరిగి పడుతోందని ఉత్తినే కూసే కోడిగా గీశాడు. చివరికి పరీక్షల్లో ఆవిడ మాటే నిజమైంది. గొట్టాలన్నీ మార్చారు. ఆర్లో మాత్రం నోరు విప్పలేదు.

రేపటితో అతని ఉద్యోగం ఆఖరు.

"ఆఖరి బొమ్మ గీసేలోగా ఆవిడకో మాట చెప్పెయ్యి," అంది వెర్నా.

"కార్టూనిస్టు క్షమాపణ చెప్పడు."

"చేతికి చేతకాదు సరే. నోటికేం జబ్బు?"

వెర్నా ఊరుకుంటుందా? రూబార్బ్ అనే పుల్లటి కాడలు కూరి 'పై' అనే తీపి వంటకం చేసి, హారియట్‌ను కాఫీకి పిలిచింది. ఆ సంగతి ఆర్లోకు చెప్పడం మాత్రం పాపం మరిచిపోయింది.

ఎనభై రెండేళ్ల హారియట్ వచ్చి, చేతికర్ర గోడకు ఆనించి కూర్చుంది. లేచి పారిపోబోయిన ఆర్లో, వెర్నా చూపు తగిలి కూలబడ్డాడు.

"ఏమయ్యా ఆర్లో, నా కోడి ఉందా, చెత్తబుట్టలో వేశావా?"

"ఉంది. దేనికి, చింపడానికా?"

"తగిలించుకోడానికి! మూడేళ్లు గొంతు చించుకుంటే సమావేశానికి ఏడుగురొచ్చారు. అందులో ఇద్దరు చలికి తట్టుకోలేక లోపలికొచ్చినవాళ్లు. నీ బొమ్మ పడ్డ వారం, కోడిని చూసి నవ్వుకుందామని హాలంతా నిండింది. నవ్వి నవ్వి అలిసిపోయి, విన్నారు. ఓ తల్లి ఇంటికెళ్లి కొళాయి నీళ్లు పరీక్షకు పంపింది. నీకు కృతజ్ఞత చెప్పాలని అప్పట్నించీ ఉంది. అడిగితే నీ గర్వం పెరుగుతుందని ఊరుకున్నా."

"పెరగడానికి చోటెక్కడుందండీ?" అంది వెర్నా.

ఆర్లో పైగదికి వెళ్లి బొమ్మ తెచ్చాడు. హారియట్ కళ్లద్దాలు సవరించుకుంది.

"రెక్క భలే వేశావయ్యా!"

"అది నా చెయ్యేనండీ," అంటూ అదే చేత్తో రూబార్బ్ పై ముక్క అందించింది వెర్నా.

అసలు బొమ్మ ఇచ్చేటప్పుడు సంతకం పక్కన ఓ మాట రాయడం ఆర్లోకు అలవాటు. పెన్సిల్ తీశాడు. రాయకుండానే దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"హారియట్ గారూ," అన్నాడు, "ఆ గొట్టాల సంగతిలో మీరు చెప్పిందే నిజం. తప్పు నాదే."