పట్టాలమీద కారు తోక

జ్ఞానమ్మ ఫిలడెల్ఫియాలో నర్సు. ఎనభై ఒకటిలో ఆమె భర్త రత్నరాజు మొట్టమొదటి కారు కొన్నాడు. అప్పటినుంచి ఆయన కాలు నేలమీద నిలవడం లేదు. "ఇంక ట్రాలీ మెట్టు తొక్కను" అని తెలుగు చర్చిలో అందరికీ చెప్పేశాడు. జ్ఞానమ్మ మాత్రం ట్రాలీని వదల్లేదు. నడిరోడ్డున వేసిన పట్టాలమీద పోయే ఆ కరెంటు బండి పక్కదారి పట్టదని ఆమె నమ్మకం. మొగుడి డ్రైవింగ్‌మీద ఆమెకు అంత నమ్మకం లేదు.

ఆ శనివారం ఆమెతోపాటు పనిచేసే కుర్ర నర్సు దెబోరా పెళ్లి. దెబోరా తల్లికి వీసా రాలేదు కాబట్టి తల్లి స్థానంలో నిలబడేది జ్ఞానమ్మే. మంగళసూత్రం ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. ఈ పెళ్లి అవగానే ఆ చర్చిలో వేరేవాళ్ల పెళ్లి ఉంది. ఆలస్యమైతే దెబోరా మెడ బోసిగానే ఉండిపోతుంది. రత్నరాజు దండలు తెస్తానని ముందే కారులో వెళ్లాడు.

సగం దారిలో ట్రాలీ ఆగిపోయింది. డ్రైవరు గంట వాయించాడు, మళ్లీ వాయించాడు. ఎవరో రెండు కార్ల సందులో తమ కారు ముక్కు దూర్చి, తోకను దేవుడి దయకు వదిలేశారు. ఆ తోక సరిగ్గా పట్టాలమీద ఉంది. బస్సయితే పక్కనుంచి పోయేది, ట్రాలీకి ఆ భాగ్యం లేదు.

జ్ఞానమ్మ తొంగి చూసింది. కారు వెనక అద్దంమీద 'యేసే రక్షకుడు' అని తెలుగులో అంటించి ఉంది. ఊరు మొత్తానికి అలాంటి కారు ఒక్కటే. ఆమె అటూ ఇటూ వెతికింది, మొగుడి జాడ లేదు.

"ఏ గాడిద పెట్టాడో!" అన్నాడు డ్రైవరు ఇంగ్లీషులో.

"గాడిదే" అని మనస్ఫూర్తిగా ఒప్పుకుంది జ్ఞానమ్మ.

ఆ లైనులో ఇది మామూలే. ప్రయాణికులే దిగి, బంపరు పట్టుకుని కారును ఎగరేస్తూ పక్కకు జరిపేస్తారు. నలుగురైదుగురు దిగారు గాని ఎవరి తోపు వాళ్లదే. కారు ఊగుతోంది తప్ప జరగడం లేదు. జ్ఞానమ్మ ఇక ఉండబట్టలేక పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి తనూ బంపరు పట్టింది. నరసాపురం వైపు సముద్రం ఒడ్డున వల లాగేవాళ్ల కేక గొంతెత్తి అందుకుంది.

"హైలెస్సా!"

"హైలెస్సా!" అన్నారు అందరూ, వచ్చినట్టు. ఇంకో రెండు కేకలకు కారు తోక కాలిబాట ఎక్కి కూర్చుంది. ట్రాలీ అంతా చప్పట్లు మోగాయి.

అప్పుడొచ్చాడు రత్నరాజు, పూలకొట్లోంచి, రెండు చేతులా దండలతో. కారును చూసి నోరు తెరిచాడు. "నీదేనా అది?" అని డ్రైవరు గద్దించేసరికి తెరిచిన నోరు మూసుకున్నాడు. తల అడ్డంగా ఊపి, బుద్ధిగా ట్రాలీ ఎక్కేశాడు.

పెళ్లి వేళకే జరిగింది. దెబోరా మెడలో సూత్రం పడుతుంటే జ్ఞానమ్మ కన్నతల్లిలాగే ఏడ్చింది. భోజనాల దగ్గర రత్నరాజు ఆమె పక్కకు చేరాడు.

"మన కారని నీకు డౌట్ రాలేదా జ్ఞానం?"

"చూడగానే తెలిసిపోయిందండీ."

"తెలిసే ఎత్తించావా?"

"తెలుసు కాబట్టే ఎత్తించాను. పరాయివాళ్ల కారైతే గీత పడుతుందని భయపడనా?"