మామగారి కొత్త వంట

ఆ ఇంట్లో వంట మామగారిది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన మనిషి, ఇంట్లో ఇంకెవరినీ పొయ్యి దగ్గరకు రానిచ్చేవాడు కాదు. మాంసం ఎర్రగా వేగాలి, బంగాళదుంపలు కరకరలాడాలి, చివర్లో తీపి ఉండాలి. కోడలు సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి నకనకలాడుతూ వచ్చి ఆమె కంచం ఖాళీ చేస్తే ఆయనకు అదే పెద్ద మెప్పు.

అలాంటి కోడలు ఒకరోజు మాంసం గిన్నె పక్కకు జరిపి, ఉడికించిన ఆకుకూర ముందేసుకుని కూర్చుంది. మర్నాడూ అంతే. మామగారు మొహం మాడ్చుకున్నాడు.

"ఉప్పెక్కువైందా?"

"లేదు మామయ్యా, బాగుంది."

"తినకుండానే బాగుందా?"

నెలనెలా కడుపునొప్పి ఆమెకు పెద్దమనిషైనప్పటినుంచీ ఉంది. అందరికీ ఉండేదేలే అని పెద్దవాళ్ళు అంటే కాబోలనుకుని పళ్ళ బిగువున నెట్టుకొచ్చింది. కిందటి నెల మాత్రం నడుములో కత్తి దింపినట్టయి, బస్సు పక్కకు ఆపి స్టీరింగు మీద వాలిపోయింది. ప్రయాణికులే నీళ్ళు తాగించి డిపోకు ఫోన్ చేశారు.

డాక్టరమ్మ పరీక్షలు చేయించి ఎండోమెట్రియోసిస్ అని తేల్చింది. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిదే బయట కూడా పెరుగుతోందట. మాత్రలు రాసి, "మాంసం, వేపుళ్ళు, తీపి తగ్గించి చూడండి. చేపలు, ఆకుకూరలు, చిక్కుడు గింజల్లాంటివి పెంచండి. కొందరికి నొప్పి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. తిండితో జబ్బు పోతుందని మాత్రం మాత్రలు మానకండి," అంది.

"నాన్నకు నేను చెప్తాలే," అన్నాడు భర్త. తీరా తండ్రి ముందు నెలసరి మాట ఎత్తలేక, "ఏదో డైటింగు నాన్నా," అని జారుకున్నాడు. పెద్దాయన మరీ నొచ్చుకున్నాడు. గరిటె పక్కన పడేసి, తనూ రొట్టె మీద జాము రాసుకుని పూట గడపసాగాడు.

ఇక లాభం లేదనుకుని, సెలవురోజున ఆమె వంటింట్లోకి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చుంది. బస్సు ఆపిన దగ్గర్నుంచి డాక్టరమ్మ మాటలదాకా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన కుళాయి కట్టేసి ఆమె వైపు తిరిగాడు.

"ఇంత నొప్పి ఓర్చుకుంటూ అంత బస్సు తిప్పావా?"

"చెప్పడానికి సిగ్గేసింది మామయ్యా."

"వినడానికి నాకూ సిగ్గుగానే ఉందిలే. కానీ క్యాంటీన్‌లో షుగరోళ్ళకీ అల్సరోళ్ళకీ కూడా వండినోణ్ణి నేను. నాతో చెప్పకుండా ఆ చప్పిడి ఆకులు నమిలితే ఎలాగమ్మా? చేపలు తింటావుగా?"

ఆమెకు నవ్వొచ్చింది, కళ్ళూ చెమ్మగిల్లాయి.

ఆయన మొదటిసారి చేసిన చిక్కుడు గింజల సూపు చూసి, గోడలకు పూసుకోవచ్చన్నాడు ఆమె భర్త. పెద్దాయన పంతం పట్టాడు. చేపకు నిమ్మరసం, మిరియాలు పట్టించి సన్నసెగన మగ్గబెట్టాడు. అవిసెగింజలు దంచి రొట్టెపిండిలో కలిపాడు. తీపి బదులు పళ్ళముక్కల మీద అక్రోట్లు చల్లాడు. ఆమె మళ్ళీ మారు వడ్డించుకోవడం మొదలుపెట్టింది.

తర్వాతి నెల నొప్పి ఎప్పట్లాగే వచ్చింది. ఆమె డీలాపడింది. "పొయ్యి ముట్టించగానే నీళ్ళు మరుగుతాయా? ఆగు," అన్నాడాయన, వేడినీళ్ళ సంచి అందిస్తూ. కొన్ని నెలలు గడిచాక పొట్ట ఉబ్బరం తగ్గింది. నొప్పి వస్తూనే ఉంది గానీ, మంచాన పడేయడం లేదు. మందు వల్లా, తిండి వల్లా అని డాక్టరమ్మను అడిగితే, రెండూ కలిసి పనిచేస్తున్నాయేమో, మానకండి అంది.

ఇప్పుడు మామగారు చేపల బజారుకు కోడలి బస్సులోనే వెళ్తున్నాడు. డ్రైవరు వెనక సీటే కావాలి ఆయనకు. పక్కన ఎవరు కూర్చున్నా, "నడిపేది మా కోడలే," అని చెప్పనిదే ఊరుకోడు. ఆమె అద్దంలోంచి చూసి, నవ్వు ఆపుకుంటూ గేరు మారుస్తుంది.