తోడల్లుడి లెన్సు కన్నా పెద్దది

ఈమధ్య తోడల్లుడి పేరెత్తితే చాలు, గడియారాల మెకానిక్‌కి ఒళ్లు మండుతోంది. వాడికి స్క్రూ డ్రైవర్ పట్టుకోవడం నేర్పింది తనే. ఇప్పుడా శిష్యుడు గడియారాలు విప్పే వీడియోలు తీస్తుంటే ఊరంతా నోరు వెళ్లబెట్టి చూస్తోంది. ఆఖరికి తన భార్య కూడా, పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, వాటినే చూస్తోంది.

కెమెరాల షాపుకెళ్లి, "చిన్న వస్తువుల్ని పెద్దగా చూపించే మాక్రో లెన్సు, మా తోడల్లుడు కొన్నదానికన్నా పెద్దది ఇవ్వండి" అన్నాడు.

"ఆయన అరవై ఎంఎం లెన్సు తీసుకున్నారు" అన్నాడు షాపతను. "దాంతో బాగా దగ్గరికెళ్లి తీయాలి, లెన్సు నీడ గడియారం మీదే పడుతుంది. మీరు వంద ఎంఎం తీసుకోండి. జానెడు దూరం నుంచే అంత పెద్దగా కనిపిస్తుంది, మీ చేతులు ఆడటానికి చోటుంటుంది. వీడియోలో చెయ్యి వణికినా ఇదే సర్దేస్తుంది."

"నా చెయ్యి వణకదు" అన్నాడు మెకానిక్ మొహం గంటు పెట్టుకుని. అయినా వందే కొన్నాడు.

ఇంటికొచ్చి లెన్సును తన కెమెరాకి బిగించి, నిన్న తను బాగుచేసిన గడియారం మూత తీసి కెమెరా కింద పెట్టాడు. తెర మీద స్క్రూ తల పళ్లెమంత కనిపించింది. దాని నిండా స్క్రూ డ్రైవర్ జారిన గీతలే. పక్క స్క్రూ మీదికి జరిపాడు. అదీ అంతే. తోడల్లుడి వీడియోల్లో స్క్రూలు అద్దాల్లా మెరుస్తుంటాయి.

వెనక నుంచి భార్య తొంగిచూసింది. "ఇన్ని గీతలేంటండీ? మా మరిది వీడియోల్లో..."

"లెన్సు మీదవి" అన్నాడతను, గభాలున కెమెరా ఆపేసి. "గీతలు పడ్డ సరుకు అంటగట్టాడు. రేపు తీసుకెళ్లి ఆ షాపువాడి మొహాన కొడతాను."